నాలుగోది

రాయగడలో మిల్లుకెళ్ళే వెదురు లారీలు
మలుపు తిరిగేచోట నా షెడ్డు.
మూడు రేకులు, ఒక చెయిన్ పుల్లీ,
తెలుగూ ఒడియా రెండూ తప్పులతో రాసిన బోర్డు.

హెడ్డు దింపి, గాస్కెట్ మార్చి, నాజిళ్ళు కడిగి
శుక్రవారం చీకటిపడే వేళ
వంజరాపు సన్నాసికి తాళాలిచ్చాను.
డబ్బు సగం ఇచ్చాడు. సగం చింతపండు లోడు దిగాక.

ఆదివారం పొద్దున్నే తిరిగొచ్చింది బండి.
కనబడకముందే వినబడింది,
కాలొకటి పొట్టిదైన మనిషి మెట్లు దిగుతున్నట్టు.
అద్దాలు వణుకుతున్నాయి. అద్దం మీది
మజ్జిగౌరమ్మ బొమ్మా వణుకుతోంది.
వెనకాల తెల్లపొగ, కళ్ళలో కారం.

"ముందీ సప్పుడు నేదు మేస్త్రీ," అన్నాడు సన్నాసి.
ఆ మాటంటే నాకు ఒళ్ళుమంట.
ముందు అది రేడియేటర్లోకి నూనె కక్కేది.
అది మర్చిపోయాడు.

డీజిల్లో నీళ్ళున్నాయన్నాను.
గునుపూర్ దారిలో ఎక్కడ కొట్టించావన్నాను.
ఫిల్టరు విప్పాను, శుభ్రంగా ఉంది.
చేతిపంపు కొట్టి గాలి తీశాను, నురగ రాలేదు.
టాపెట్లు చూశాను, గేజి ఆకు
కొంచెం పట్టి కొంచెం వదిలి, సరిగ్గానే జారింది.
పంపు పోయిందేమో అన్నాను.
విశాఖపట్నం పంపాలి, ఎనిమిది వేలన్నాను.
తప్పు నాది కాకూడదని
ఎంత దూరం నడిచానో ఒక్క ఇంజను చుట్టూ.

దంబరు హికాకా నా దగ్గర చేరి ఏడాది.
నాతో ఒడియా, సన్నాసితో తెలుగు,
కొండ దిగి తమ్ముడొస్తే కువి.
ఇంజనుతో ఏ భాషో తెలీదు.
స్పానరు తీసుకుని బంపరెక్కాడు, నన్నడగలేదు.
ఒక్కొక్క నాజిల్ పైపు నట్టూ
అర చుట్టు వదులు చేసి వింటున్నాడు.
"ఏక్." ఇంజను మూలిగింది. బిగించాడు.
"దుయి." మూలిగింది.
"తిని." ఆగిపోబోయింది.
"చారి."
డీజిలు చిమ్మి వాడి మణికట్టు తడిసింది.
సప్పుడు మారలేదు.

ఆపేసినా ఎవరికీ తేడా తెలియకపోతే
పని చెయ్యనిది అదే.
ముప్పైయేళ్ళ కిందట పార్వతీపురంలో
కాసిం మేస్త్రి చెంపమీద కొట్టి నేర్పిన పాఠం.
నేను కొట్టకుండా వీడికి నేర్పాను.
నాకు వద్దనిపించిన పొద్దున వాడికి గుర్తొచ్చింది.
ఇప్పుడెవరైనా నా నట్టు వదులు చేస్తే
ఈ షెడ్డు సప్పుడు మారుతుందా అనిపించింది.
అనిపించింది, అంతే. నాజిలు పీకాను.

టార్చి వేసి గుంతలోకి చూస్తే
అడుగున పాత రాగి వాషరు,
మసిపట్టి, అతుక్కుని, హెడ్డులో పుట్టినట్టు.
దాని మీద నేను వేసిన కొత్తది, మెరుస్తూ.
పాతది తియ్యకుండానే కొత్తది పెట్టాను.
వాషరు మందమంత పైకి లేచి కూచుంది నాజిలు,
చిమ్మాల్సింది చిమ్ముతూనే ఉంది, చోటు కాని చోట.
శుక్రవారం నా కళ్ళజోడు ఎక్కడుందో
ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో, రేడియో మీద.

వంచిన సైకిలు ఊచతో దంబరు పైకి లాగాడు.
నా అరచేతిలో పడేశాడు, ఇంకా వేడిగా ఉంది.

సన్నాసి బల్ల మీద బీడీ కాలుస్తున్నాడు.
పంపు బాగానే ఉందన్నాను.
ఎనిమిది వేలు అక్కర్లేదన్నాను.
తరవాతి మాటకి కాస్త టైం పట్టింది.
"నా చేతి తప్పు."
వాడు బీడీ నలిపి ఆకాశం చూశాడు.
"వానొచ్చీలాగుంది. సరుకు తడిసిపోద్ది, బేగి కానీ."

ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు,
ఈసారి నాలుగు కూడా పలికింది.
మజ్జిగౌరమ్మ కదలకుండా కూచుంది.

మర్నాడు నా కళ్ళజోడుకి తాడు కట్టి ఉంది,
క్లచ్ కేబుల్లోంచి విప్పిన సన్న తీగ.
ఎవరు కట్టారని అడగలేదు.
మెళ్ళో వేసుకున్నాను. కొంచెం గుచ్చుకుంటుంది.